నెత్తళ్ళు ఎండని గొట్టం

మా గొట్టాన్ని చూడటానికి ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్ళో వస్తున్నారు. ఢిల్లీ నుంచి ఒక బృందం వచ్చింది. ఏవేవో రేవుల నుంచి ఇంజనీర్లు వచ్చారు. మధురవాడ కాలేజీ పిల్లలైతే బస్సేసుకుని వస్తారు. అందరికీ తెల్ల హెల్మెట్లు పెట్టి, ఏసీ గదిలో కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు చూపిస్తారు. ఇదిగో యాసిడ్ ఫ్యాక్టరీ, ఇదిగో నూనె ఫ్యాక్టరీ, మధ్యలో ఎర్ర గీత, ఆ గీతే ఆవిరి గొట్టం. ఒకరి దగ్గర మిగిలిన వేడి ఇంకొకరికి ఇంధనం. చప్పట్లు, టీ, సమోసా, గ్రూపు ఫొటో. ఆ గీత వెంట రోజూ నడిచే మనిషి గురించి మాత్రం ఒక్కరూ అడగరు. నాకు ఒళ్ళు మండుకొస్తుంది. రిటైరైన వాడికి ఒళ్ళు మండితే ఇంట్లోవాళ్ళకే కష్టం కాబట్టి, అదేదో కాగితం మీద పెట్టెయ్యమని మా ఆవిడ సలహా ఇచ్చింది.

నా పేరు గురునాథరావు. యాసిడ్ ఫ్యాక్టరీలో ఆవిరి విభాగం సూపర్‌వైజర్‌గా చేసి దిగిపోయాను. ఈ కథ మాత్రం నాది కాదు, సూర్యకళది.

ముందు గొట్టం సంగతి చెప్పాలి. మాకు ఓడల్లో గంధకం వస్తుంది. దాన్ని కాల్చి యాసిడ్ చేస్తాం. గంధకం కాలితే పుట్టే వేడి అంతా ఇంతా కాదు. ఆ వేడికి నీళ్ళు మరిగించి, వచ్చిన ఆవిరిలో మాకు కావలసింది వాడుకుని, మిగిలింది నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ గాల్లోకి వదిలేస్తూనే ఉన్నాం. కాలవకి అవతల నూనె ఫ్యాక్టరీ వాళ్ళు పామాయిల్ శుద్ధి చేసుకోవడానికి అదే ఆవిరి కోసం లారీల కొద్దీ బొగ్గు కాల్చేవాళ్ళు. మేం పారబోసేదే వాళ్ళు కొనుక్కుంటున్నారన్న మాట. నాది బొబ్బిలి దగ్గర పల్లె. మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబోసేది కాదు. మా ఇంటి కుడితి పక్కింటి గేదెకి వెళ్ళేది, ఆ గేదె పేడ మా బీరపాదుకి వచ్చేది. ఈ మాత్రం ఇంగితానికి నోరు తిరగని పేరొకటి పెట్టి, నివేదికలు రాసి, రెండు కంపెనీలు చేతులు కలిపేసరికి నా సర్వీసు అంచుకొచ్చేసింది.

ఎలాగైతేనేం, కాలవ గట్టు వెంట సిమెంటు దిమ్మల మీద గొట్టం పడింది. దాని చుట్టూ మందంగా, వేడి పోకుండా ఆపే రాతి ఉన్ని, ఆ పైన అల్యూమినియం రేకు. లోపల ఆవిరి కుతకుతలాడుతున్నా రేకు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి, అంతకు మించకూడదు. బయట వేడి తగిలిందంటే దారిలో పోతోందన్న మాట. దారిలో పోయిందంటే అవతల నూనె వాళ్ళకి చాలదు.

ఈ రెండు ఫ్యాక్టరీల మధ్యా ఉన్నది గంగమ్మపేట. చేపలు పట్టేవాళ్ళ పేట. మగవాళ్ళు తెల్లారకుండా బోట్ల మీద వెళతారు, ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు, అమ్మగా మిగిలినవి ఎండబెడతారు. నూనె ఫ్యాక్టరీ బొగ్గు బాయిలర్ పొగగొట్టంలోంచి పొగ ఎక్కడికి పోవాలో గాలి నిర్ణయిస్తుంది కదా. ఏడాదిలో సగం రోజులు ఆ గాలి గంగమ్మపేట మీదికే. ఆరేసిన బట్టల మీద మసి, నీళ్ళ బిందెల మీద మసి, ఎండేసిన నెత్తళ్ళనే చిన్న చేపల మీద మసి. సూర్యకళ తల్లి పోతమ్మ ఎండుచేపల బుట్ట పట్టుకుని పూర్ణా మార్కెట్‌కి వెళితే, బేరానికి వచ్చిన వాళ్ళు ఒక నెత్తల్లు తీసి, బొటనవేలితో రుద్ది, వేలు చూసుకుని, బుట్టలో పడేసి పోయేవాళ్ళట. నోరున్న మనిషి పోతమ్మ. ఎవరికైనా సమాధానం చెప్పగలదు గానీ ఆ నల్లటి వేలికి మాత్రం చెప్పలేకపోయేది.

గొట్టం వేసే ముందు పేటలో మీటింగ్ పెట్టాం. జనం వద్దన్నారు. పేలిపోతుందన్నారు, పిల్లలు కాలిపోతారన్నారు. మా ఆఫీసర్లు చెప్పేదంతా చెప్పారు, ఎవరి తలకీ ఎక్కలేదు. అప్పుడు వెనక వరసలోంచి, రొయ్యల షెడ్డులో పనిచేసి సరాసరి వచ్చిన సూర్యకళ లేచింది. నలభై దాటిన మనిషి, చీర కొంగు బొడ్లో దోపుకుని ఉంది. ఆవిడ వేసింది ఒకటే ప్రశ్న.

"ఆ పొగగొట్టం ఆరిపోతాదా, నేదా? అదొక్కటీ సెప్పండి, బాబూ."

ఆరిపోతుందని చెప్పాను. మీరు ఆర్పకపోతే మిమ్మల్నే వచ్చి అడుగుతానంది. తర్వాత జనం వైపు తిరిగి, తన పిల్లలు కూడా ఈ వీధిలోనే ఆడుకుంటారని, గొట్టాన్ని రోజూ తానే కాసుకుంటానని చెప్పింది. పేట ఒప్పుకుంది. గొట్టం వెంట నడిచి చూసుకునే ఉద్యోగం పేటవాళ్ళలో ఒకరికి ఇస్తామని మేం ముందే అనుకున్నాం. అది ఎవరికివ్వాలో ఆ సాయంత్రమే తేలిపోయింది.

ఆ ఉద్యోగం పేరు కాగితాల్లో ఏదైనా కావచ్చు, చేసేది నడక. పొద్దున మా గేటు దగ్గర బయల్దేరి, కాలవ గట్టు మీద, రైలు పట్టాల కింద నుంచి, పేట వెనకగా నూనె ఫ్యాక్టరీ దాకా. మళ్ళీ వెనక్కి. కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరగడం అంటారే, అదే. రేకు ఊడిందా, ఆవిరి బుసకొడుతోందా, లోపల చేరిన నీళ్ళు బయటికి వదిలే బుడ్లు సరిగ్గా పనిచేస్తున్నాయా చూసుకోవాలి. నీలం చొక్కా చీర మీద తొడుక్కుని, పసుపు హెల్మెట్ పెట్టుకుని, చేతిలో కర్ర పట్టుకుని ఆవిడ నడుస్తుంటే లారీ డ్రైవర్లు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు. గొట్టం మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్న ఒకతన్ని కర్రతో లేపడం నా కళ్ళారా చూశాను. అతను నూనె ఫ్యాక్టరీ కాంట్రాక్టరని తర్వాత తెలిసింది. తెలిసినా లేపేదే.

ఆవిరి మొదటిసారి వదిలిన రోజు పేటంతా గట్టు మీదికొచ్చింది. వాళ్ళకో ఆనవాయితీ ఉంది. కొత్త బోటు సముద్రంలో దిగే ముందు దాని ఒళ్ళంతా సముద్రం నీళ్ళలో పసుపు కలిపి కడుగుతారు. వేపమండలు కట్టి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడతారు. సముద్రం నీళ్ళే ఎందుకంటే, బోటు గంగమ్మ తల్లి బిడ్డ, తల్లి నీళ్ళతోనే స్నానం చేయించాలంటారు. మన పేట బాగు కోసం వచ్చిన గొట్టం మన బోటు లాంటిదే కదా అని సూర్యకళ బిందెడు సముద్రం నీళ్ళు తెచ్చి, పేట వెనక ఉన్న గొట్టాన్ని ఈ దిమ్మ నుంచి ఆ దిమ్మ దాకా పసుపునీళ్ళతో కడిగింది. ఆడవాళ్ళంతా తలో చెంబూ పోశారు. మా ఇంజనీరు ఉమామహేష్ కూడా అక్కడే ఉన్నాడు. మధురవాడ నుంచి బైక్ మీద వచ్చే కుర్రాడు, ఈ గొట్టం లెక్కలన్నీ వేసినవాడు. చేతిలో పెట్టిన కొబ్బరిముక్క సంతోషంగా తిన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం సూర్యకళ అలా కడగడం అలవాటు చేసుకుంది. భక్తి సంగతి నాకు తెలియదు గానీ, అంత ప్రేమగా ఒక పైపుని చూసుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక ఆ వేసవి గంగమ్మపేటది. నూనె వాళ్ళు బొగ్గు నిప్పు ఆర్పేశారు. పొగగొట్టం ఊరికే నిలబడి ఉంది, దాని మీద కాకులు వాలుతున్నాయి. పోతమ్మ నెత్తళ్ళు వెండిలా ఎండాయి. మార్కెట్‌కి బుట్ట తీసుకెళ్ళి, బేరానికొచ్చిన వాళ్ళ వేలు తానే పట్టుకుని చేప మీద రుద్దించి, చూసుకోమనేదట. కూతురి గురించి అడిగితే "మా గుంట ఆవిరి కాత్తాది" అని చెప్పేది. ఆ మాట చెప్పడానికే రోజూ మార్కెట్‌కి వెళ్ళేదేమో కూడా.

వానలు మొదలయ్యాక చెడింది. నూనె ఫ్యాక్టరీకి చేరే ఆవిరిలో వేడి తగ్గుతూ వచ్చింది. మొదట కొంచెం, తర్వాత మరికొంచెం. ఆవిరి చాలకపోతే నూనెలో వాసన పోదు, వాసన పోని నూనె ఎవరూ కొనరు. వాళ్ళ మేనేజర్ చెడ్డవాడు కాదు. ఓపిక పట్టాడు. భాద్రపదం కూడా దాటిపోతోందని చూసి, ఒకరోజు మమ్మల్ని పిలిచి తేల్చేశాడు. ఆయుధపూజ రోజుకి ఆవిరి సరిగ్గా అందకపోతే, ఆ రోజు బాయిలర్‌కే గుమ్మడికాయ కొట్టి మళ్ళీ బొగ్గు అంటిస్తామన్నాడు. గొట్టం సంగతి తర్వాత చూసుకుందామన్నాడు. తర్వాత అంటే ఏమిటో సర్వీసులో ఉన్నవాడికెవడికైనా తెలుసు.

ఈ వార్త సూర్యకళకి నేనే చెప్పాను. పొగగొట్టం వైపు చూసింది, అంతే. తాను మాటిచ్చి పేటను ఒప్పించిన మనిషి. మళ్ళీ మసి పడితే ఎవరి మొహం ఎలా చూడాలి?

ఆ మర్నాటి నుంచి ఉమామహేష్, ఆవిడ కలిసి వానలో తడుస్తూ గొట్టమంతా గాలించారు. వేడిని పట్టి చూపించే కెమెరా ఉంది గానీ, మెరిసే రేకు దగ్గర దాని ఆటలు సాగవు, అద్దంలో చూసినట్టు రేకులో ఆకాశాన్నే చూపిస్తుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకని ఎప్పుడూ తేడా వచ్చే చోట్లు ఒక్కొక్కటీ విప్పారు. నీళ్ళు వదిలే బుడ్లు మార్చారు, వాల్వులు బిగించారు, రైలు పట్టాల కింద మలుపులో ఉన్ని కొత్తది చుట్టారు. కొంచెం మెరుగైంది, కానీ చాలలేదు. పేట వెనక భాగాన్ని ఎవరూ అనుమానించలేదు. అక్కడ గొట్టం తిన్నగా ఉంటుంది, మలుపుల్లేవు, అన్నిటికన్నా శుభ్రంగా ఉండేది అదే. శుక్రవారం శుక్రవారం స్నానం చేసే గొట్టానికి జబ్బేముంటుంది?

ఆయుధపూజ దగ్గర పడుతుండగా, ఒక మధ్యాహ్నం ముసురు కాస్త తెరిపిచ్చింది. సూర్యకళ నూనె ఫ్యాక్టరీ నుంచి తిరిగి వస్తూ పేట వెనక్కి చేరేసరికి, గొట్టం మీద గోనెపట్టా, దాని మీద నెత్తళ్ళు, పక్కన ముక్కాలిపీట మీద కాకుల్ని తోలుతూ తల్లి. ఇక్కడి నుంచి జరిగింది ఆవిడ నాకు చెప్పిందే.

తియ్యమంది సూర్యకళ. పోతమ్మ కదల్లేదు.

"ఏటే అలగ సూత్తావు? ముసురట్టుకుంటే నాను యాడ ఎండేసుకోవాల? పొద్దున్నేసినాను, అప్పుడే గలగలలాడతన్నాయి, సూడు."

సూర్యకళ ఒక నెత్తల్లు తీసి విరిచింది. పుటుక్కున విరిగింది. నెల రోజులుగా ఎండ లేని పేటలో పొద్దున వేసిన చేప మధ్యాహ్నానికి విరుగుతోంది. ముందు ఇక్కడ ఎప్పుడైనా ఎండేశావా అని తల్లిని అడిగింది.

"కొత్తలో ముసురట్టినప్పుడు ఏసినాను. రెండ్రోజులున్నా పచ్చిగానే ఉండిపోనాయి, తిట్టుకుని తీసేసినాను. ఇప్పుడే ఇలగ ఏడెక్కింది. సుక్కురారం సుక్కురారం నువ్వు తల్లికి నీళ్ళు పోత్తన్నావు గదా. ఆ తల్లే సూసింది మన కట్టం."

సూర్యకళ కర్ర కింద పెట్టేసింది. రేకు మీద అరచెయ్యి ఆనించుకుని నడిచింది. చుర్రుమంటోంది. పూజ మొదలుపెట్టే దిమ్మకి ఇవతల గోరువెచ్చన. దిమ్మ దాటగానే కాక. పూజ ఆపే దిమ్మ దాటగానే మళ్ళీ గోరువెచ్చన. వెనక్కొచ్చి మళ్ళీ చూసింది. అదే. రేకుల అతుకుల దగ్గర వంగి చూస్తే, బిగించిన మేకులు ఎర్రగా తుప్పు పట్టి, వేలితో తాకితే పొడిపొడిగా రాలాయి.

పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం అంటారు. ఎన్నో తరాలుగా బోటుకు పనికొచ్చిన మంత్రం అది. సముద్రంలోనే బతికే చెక్కకి ఉప్పునీళ్ళు ఏం చేస్తాయి? ఏమీ చెయ్యవు. ఇక్కడ ఆ ఉప్పు మేకుల్ని తినేసింది, రేకులు నోళ్ళు తెరిచాయి. వాటిలోంచి వాన దిగి ఉన్నిని నానబెట్టింది. తడిసిన దుప్పటి కప్పుకున్నవాడికి చలి ఆగుతుందా?

అక్కడ నిలబడి ఆవిడ ఏమనుకుందో తర్వాత నాతో చెప్పింది. చెప్పకపోతే పొగగొట్టం మళ్ళీ అంటుకుంటుంది. చెబితే తప్పు తనది, తనతో పూజ చేసిన వీధిలో అందరిదీ. కంపెనీవాళ్ళు వీధికీ గొట్టానికీ మధ్య గోడ కట్టెయ్యొచ్చు, నీలం చొక్కా వెనక్కి తీసుకోవచ్చు. దాని కన్నా పెద్ద బాధ ఒకటుంది. తాను ప్రేమతో చేసిన పనే గొట్టాన్ని తినేసిందని నలుగురి ముందూ ఒప్పుకోవాలి. గొట్టం మీది చేపలు ఎత్తి తల్లి చేతికిచ్చి, సూర్యకళ తిన్నగా మా ఆఫీసు గదిలోకి వచ్చింది. నేను, ఉమామహేష్ బొమ్మలు పరుచుకుని కూర్చున్నాం.

"ఎతకడం ఆపండి, బాబూ. ఏడి మా పేట ఎనకాలే పోతన్నాది. నాను సేసిందే. ఉప్పునీళ్ళు నానే పోసినాను."

తప్పు పక్కవాడి నెత్తిన పెట్టే వాళ్ళ మధ్య నేను ఉద్యోగం అంతా గడిపాను. వాల్వు పగిలితే గత షిఫ్టు, మోటారు కాలితే కరెంటాఫీసు. ఇలా తలుపు తీసుకుని వచ్చి, నిలబడి, నాదే అన్న మనిషిని అప్పుడే చూశాను. ఉమామహేష్ బొమ్మలు మడిచేసి, తాను కూడా పక్కనే నిలబడి కొబ్బరి తిన్నానని, ముందు రేకు విప్పి చూద్దామని లేచాడు.

విప్పి చూశాం. ఉన్ని ముద్దయిపోయి కిందికి జారిపోయింది. పై పొర అంతా పసుపు. వేడివేడిగా పసుపు వాసన వచ్చింది, పెళ్ళింట్లో వచ్చినట్టు. సూర్యకళ ఆ ఉన్నిని చేతిలోకి తీసుకుని కొంచెంసేపు అలాగే పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఎంత మేర మార్చాలో అడిగింది.

మార్చడం ఒక ఎత్తు, పేటకి చెప్పడం ఒక ఎత్తు. ఆ సాయంత్రం వలలు అల్లే పాక దగ్గర అందరూ చేరారు. సన్యాసమ్మ అని, వీధికి పెద్దదిక్కు, జాతరలో తల్లి ఘటం మొదట ఎత్తే మనిషి. పూజ ఆపమంటే కుదరదంది. ఇన్నాళ్ళూ పోసి ఇప్పుడు మానేస్తే తల్లి ఊరుకుంటుందా అంది. ఉప్పు వల్ల లోహానికి ఏమవుతుందో ఉమామహేష్ చెప్పబోయాడు. నేను చెయ్యి నొక్కి ఆపాను. ఇది మన లెక్కలతో తేలేది కాదు. సూర్యకళే మాట్లాడింది.

"పెద్దమ్మా, బోటుకి తల్లి నీళ్ళు పోత్తాం. బోటింజనుకి పోత్తామా? ఒడ్డుకి రాగానే మంచినీళ్ళతో కడిగి, గుడ్డెట్టి తుడిసి, తడి తగలకండా కప్పుతాం. నానే పొరబడ్డాను. ఇది బోటనుకున్నాను. ఇది ఇంజను."

ఇంజన్ అంటే ఏమిటో ఆ పేటలో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. నడిసముద్రంలో ఇంజన్ ఆగిపోయి తెరచాప లేని బోటులో కొట్టుకుపోయిన రాత్రులు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. సన్యాసమ్మ చివరికి, బోటుకి దణ్ణం వేరు, ఇంజన్‌కి దణ్ణం వేరు, నిజమేనంది. ఇకనుంచి పసుపు, కుంకుమ పొడిగా సిమెంటు దిమ్మకి పెట్టుకుందామంది. తర్వాత మగవాళ్ళ వైపు తిరిగింది.

"మరైతే ఇంజను తడుత్తాది. కప్పండ్రా, సూత్తారేటి?"

అదీ మాకు కలిసొచ్చిన మాట. ఎందుకంటే ఉన్ని మార్చాలంటే పొడి కావాలి. ఆకాశమేమో చిల్లుపడ్డట్టుంది. తడి గొట్టానికి పొడి ఉన్ని చుట్టినా అది మళ్ళీ నానిపోతుంది. మా కాంట్రాక్టరు దీపావళి దాకా ఆగమన్నాడు. సూర్యకళ భర్త దుర్గారావు, మాట తక్కువ మనిషి, సముద్రం బాగోలేదని బోటు ఒడ్డున పెట్టుకుని ఉన్నాడు. అతను, ఇంకో నలుగురు బోట్లవాళ్ళు తమ టార్పాలిన్లు తెచ్చి, వెదురుబొంగులు పాతి, గొట్టం పొడవునా పందిరి వేసేశారు. సముద్రం గాలికి పడవ మీద గుడ్డ నిలబెట్టే వాళ్ళకి కాలవ గాలి ఒక లెక్కా? ఒక్క ముడి జారలేదు. ఆ పందిరి కింద మా వాళ్ళు పాత ఉన్ని పీకేశారు, ఆవిరి వేడికే గొట్టం పొడిబారింది, కొత్త ఉన్ని చుట్టారు. ఈసారి తుప్పు పట్టని మేకులు, అతుకుల మీద జిగురు. పేట ఆడవాళ్ళు టీ కాచి పోశారు. సూర్యకళ ప్రతి అతుకూ వేలితో తడిమి చూసేదాకా ఎవరినీ ముందుకి కదలనివ్వలేదు. మా కాంట్రాక్టరు విసుక్కున్నాడు కూడా.

పని జరుగుతుండగా పోతమ్మ ఒక న్యాయమైన ప్రశ్న వేసింది. మీ గొట్టం మీరు బాగుచేసుకుంటున్నారు సరే, ముసురులో నా చేపలు ఎక్కడ ఎండాలి? నేను నవ్వేశాను గానీ ఉమామహేష్ నవ్వలేదు. నూనె ఫ్యాక్టరీలో ఆవిరి పని ముగించుకుని వేడినీళ్ళయి తిరిగి వస్తుంది కదా, ఆ నీళ్ళలో ఇంకా బోలెడు వేడి ఉంది. దాన్ని ఒక షెడ్డు గుండా తిప్పితే, ఆ వెచ్చటి గాలికి చేపలు ఎండుతాయి. ఆ షెడ్డు మరుసటి ఏడు కట్టారు. ఇప్పుడు సందర్శకులకి దాన్ని కూడా చూపిస్తారు. అదీ కుడితి కథే, గేదె మారిందంతే. కథకి అడ్డం రాకుండా ఇక్కడే చెప్పేస్తున్నాను.

ఆయుధపూజ వచ్చింది. వాన మాత్రం వదల్లేదు. నూనె ఫ్యాక్టరీ మేనేజరు మాట మీద నిలబడే మనిషి కాబట్టి బాయిలర్‌ని కడిగించి, బొట్లు పెట్టించి, గుమ్మడికాయ తెప్పించి పక్కన పెట్టాడు. పొయ్యిలో బొగ్గు కూడా పేర్చే ఉంది. సాయంత్రం దాకా మీటర్ చూద్దాం, సరిగ్గా ఉంటే గుమ్మడికాయ గొట్టానికి కొడదాం, లేకపోతే బాయిలర్‌కి, అన్నాడు. పొద్దున్నుంచీ నేను, ఉమామహేష్ ఆ మీటర్ ముందే కూర్చున్నాం. నీళ్ళు తాగడానికి కూడా లేవలేదు. సూర్యకళని కూడా రమ్మన్నాను. రానంది. మీటర్ చూడటానికి ఇద్దరున్నారు, గొట్టాన్ని చూడటానికి ఒకరు ఉండాలి కదా అంది.

తర్వాత తెలిసింది, ఆవిడ చేసిన పని. పొద్దున్నే తల్లి దగ్గరికి వెళ్ళి ఒక గుప్పెడు పచ్చి నెత్తళ్ళు అడిగింది. పేట వెనక, పాత పూజ జరిగిన చోటే, గొట్టం మీద గోనెపట్టా వేసి, వాటిని ఒక్కొక్కటిగా పరిచింది. పైన టార్పాలిన్ ముక్క కట్టింది, వాన పడకుండా. మొన్నటి దాకా నన్ను తిట్టి, ఇప్పుడు నువ్వే ఎండేస్తున్నావేమే అని పోతమ్మ ఆశ్చర్యపోయింది. సూర్యకళ కర్ర పట్టుకుని నడకకి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆగి, ఒక చేపని వేళ్ళతో నొక్కి చూసేదట.

సాయంత్రమైంది. మీటర్ ముల్లు వేసవిలో ఎక్కడ ఉందో అక్కడే, కదలకుండా ఉంది. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత తానే గుమ్మడికాయ ఎత్తుకుని, బాయిలర్ పక్క నుంచి నడిచి, మా గొట్టం వాళ్ళ ఆవరణలోకి వచ్చే చోట నేలకేసి కొట్టాడు. పొయ్యిలో బొగ్గు ఎత్తించేయమని అక్కడే చెప్పాడు. పొగగొట్టం దించేస్తామన్నాడు, దించేశారు కూడా. ఉమామహేష్ నన్ను పట్టుకుని ఊపేశాడు. నేను ఫోన్ తీసి సూర్యకళకి చేశాను. ఈ మాట ఆవిడకి నేనే చెప్పాలని పొద్దున్నుంచీ దాచుకున్నాను.

నేను నోరు తెరిచేలోపే అవతల నుంచి పోతమ్మ గొంతు వినిపించింది. పొద్దున్నేసిన చేపలు పొద్దుగూకినా పచ్చిపచ్చిగానే ఉన్నాయని, ఇంత డబ్బు పోసి వేసిన గొట్టం గుప్పెడు నెత్తళ్ళు ఎండబెట్టడానికి కూడా పనికిరాదని, వీధంతా వినపడేలా తిడుతోంది.

ఫోన్‌లో సూర్యకళ నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"ఇన్నారు గదా, బాబూ," అంది. "నాకు మీటర్ అక్కర్నేదు."